సున్తీ మగవాళ్ళ సంగతేనా?

పీలేరు దగ్గర ఒక గ్రామంలో పొదుపు సంఘాల స్త్రీలతో ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నప్పుడు జరిగిన సంగతి ఇది. కాన్పులు, రక్తహీనత, ఆసుపత్రి సిబ్బంది నోటి దురుసు అన్నీ అయ్యాయి. అందరూ లేవబోతుండగా చివరి వరుసలో కూర్చున్న ఒక దూదేకుల స్త్రీ అడిగింది: "ఆడబిడ్డల గురించి శానా చెప్పినారు మేడం. మగబిడ్డకు ఒడుగులు చేస్తే నెత్తురు నిలవకుండా పోతే, అది మీ లెక్కలోకి వస్తాదా, రాదా?"

కొందరు నవ్వారు. కొందరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. మూడు నెలల కొడుకును భర్తా, మామా కలిసి పట్టణంలోని ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయారు. ఆమె వరండాలో కూర్చుంది. సాయంత్రానికి ఇంటికి వచ్చారు. రాత్రికి చుట్టిన గుడ్డలన్నీ తడిసిపోయాయి. తెల్లవారి అక్కడికే పోతే ఇంకో రెండు కుట్లు వేసి పంపించారు. మూడోరోజు బిడ్డ పాలు తాగడం మానేశాక జీపు మాట్లాడుకుని వేలూరు పోయారు. అక్కడ రక్తం ఎక్కించి, పరీక్షలు చేసి, హీమోఫీలియా అన్నారు. బిడ్డ బతికాడు.

"మా తమ్ముడు పాలపన్ను ఊడినప్పుడు నెత్తురు పోయి పోయి సచ్చిపోయినాడు మేడం. ఆ మాట నన్ను ఎవురూ అడగలా. అడిగింటే చెప్పింటా కదా!" అంది ఆమె. ఇంటికొచ్చాక అత్తగారు అన్న మాట కూడా చెప్పింది: "నీ పుట్టింటోళ్ళ నెత్తురే అంత."

నిర్ణయం తీసుకునేటప్పుడు ఆమెను అడగలేదు. నింద వేసేటప్పుడు మాత్రం ఆమె గుర్తొచ్చింది. ఆమె వేసిన ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేస్తున్న ప్రయత్నం.

మన మౌనం వెనక

హక్కుల గురించి మాట్లాడే స్త్రీల సంఘాలుగా మనం సున్తీ గురించి దాదాపు మాట్లాడలేదు. దీనికి కారణాలు లేకపోలేదు. మొదటిది, అది మగపిల్లల శరీరానికీ మగవాళ్ళ మతాచారానికీ సంబంధించిన విషయమని వదిలేశాం. రెండోది, అంతకంటే బలమైనది, భయం. ఈ దేశంలో మతకల్లోలాలు జరిగిన ప్రతిసారీ మగవాడి బట్టలు విప్పి చూసి చంపిన చరిత్ర వుంది. దేశ విభజన నాటి నుంచీ ఆ గుర్తు ప్రాణాలు తీసింది, తిట్టుగా మారింది. అలాంటి చోట సున్తీ వల్ల ప్రమాదాలున్నాయని ఎవరైనా అంటే, ఆ మాటను ఎవరు ఎత్తుకుపోతారో మనకు తెలుసు. 1985లో షాబానో తీర్పు తర్వాత ముస్లిం స్త్రీల హక్కుల ప్రశ్నను మతతత్వ శక్తులు ఎలా వాడుకున్నాయో చూసిన ఉద్యమం మనది.

ఆ జాగ్రత్త అవసరమే. అయితే జాగ్రత్త మౌనంగా మారినప్పుడు దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ముస్లింల మీద ద్వేషం వున్నవాళ్ళకు దాని వల్ల నష్టమేమీ లేదు. వరండాలో కూర్చున్న తల్లే నష్టపోతోంది. అందుకని నా అభిప్రాయం మొదటే చెప్తాను. సున్తీని నిషేధించమని నేను అడగడం లేదు. ఆ ఆచారం వుండాలా వద్దా అన్న చర్చ ఆ సమాజంలోపల, అక్కడి స్త్రీపురుషులు చేసుకోవాల్సింది. కానీ, జరుగుతున్నంత కాలం అది సురక్షితంగా జరగాలనీ, అందులో తల్లికి తెలిసిన విషయానికి స్థానం వుండాలనీ అడగడం స్త్రీల హక్కుల ప్రశ్నే, పిల్లల హక్కుల ప్రశ్నే.

ఏం జరుగుతుంది, ఏం తప్పుతుంది

రాయలసీమ పల్లెల్లో ఒడుగులు ఒక చిన్న పెళ్ళి లాంటిది. పాతకాలంలో అయిదేళ్ళకో, ఏడేళ్ళకో చేసేవారు. పిల్లవాడికి కొత్తబట్టలు కట్టి, పూలదండ వేసి, పెళ్ళికొడుకులా కూర్చోబెడతారు. "అదిగో బంగారు పిట్ట" అని పైకి చూపించి హజామ్ తన పని చేస్తాడు. స్త్రీలు వేరే గదిలో వుంటారు. ఇప్పుడు మదనపల్లె, చిత్తూరు, తిరుపతి లాంటి పట్టణాల్లో చాలామంది బిడ్డ పసితనంలో వుండగానే డాక్టరు దగ్గర చేయిస్తున్నారు. వేసవి సెలవుల్లో సామూహిక ఉచిత శిబిరాలు కూడా పెడుతున్నారు.

పసితనంలో, శుభ్రమైన చోట, చేయి తిరిగినవాళ్ళు చేస్తే ప్రమాదం తక్కువన్నది నిజం. పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2010లో ప్రచురించిన ఒక సమీక్షలో పసిబిడ్డల్లో ఏదో ఒక సమస్య వచ్చినవారి మధ్యగతం 1.5 శాతం. ఏడాది దాటిన పిల్లల్లో అది 6 శాతం. అయితే పసిబిడ్డల విషయంలోనే ఆ అధ్యయనాల్లో కనిష్ఠం సున్నా, గరిష్ఠం 16 శాతం. ఈ తేడాలోనే అసలు విషయం వుంది. చేసే పని ఒకటే. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఏ పనిముట్టుతో చేశారు, తర్వాత ఎవరు చూశారు అన్నదాన్ని బట్టి సున్నా పదహారవుతుంది. "ఏమీ కాదులే" అని కొట్టిపారేసేవాళ్ళూ, "ఘోరం" అని కేకలు వేసేవాళ్ళూ ఇద్దరూ ఈ తేడాను చూడరు.

వచ్చే సమస్యల్లో మొదటిది రక్తస్రావం. అయిదు కిలోల బిడ్డ వంట్లో వుండే రక్తమంతా కలిపితే సుమారు 400 మిల్లీలీటర్లు. అందులో అయిదో వంతు అంటే చిన్న టీ గ్లాసెడు. పెద్దవాళ్ళ కంటికి "కొంచెం కారింది" అనిపించేది బిడ్డకు ప్రాణాపాయం. రెండోది చీము పట్టడం. ఒకే కత్తి పదిమందికి వాడినా, గాయానికి బూడిద అద్దినా ఆ ప్రమాదం పెరుగుతుంది. ధనుర్వాతం, కామెర్ల వైరస్ లాంటివి కూడా ఆ దారిలోనే వస్తాయి. మూడోది తోలు అవసరానికి మించి కోయడం, లేదా కొనకు గాయం కావడం. నాలుగోది ఆలస్యంగా బయటపడేది: మూత్రద్వారం నెమ్మదిగా ఇరుకై, రెండు మూడేళ్ళ తర్వాత పిల్లవాడు మూత్రానికి పోయేటప్పుడు ఏడుస్తాడు. ఆ ఏడుపుకూ ఎప్పుడో జరిగిన సున్తీకీ సంబంధం వుందని ఎవరూ అనుకోరు.

ఇంకొక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రెండు మూడు వందల మంది మగపిల్లల్లో ఒకరికి మూత్రద్వారం కొనమీద కాకుండా కింది వైపు వుంటుంది. దాన్ని సరిచేసే ఆపరేషనుకు డాక్టర్లు ఆ ముందు తోలునే వాడతారు. అందుకని అలాంటి బిడ్డకు సున్తీ చేయకూడదు. "వీడికి అల్లానే సున్తీ చేసి పంపించాడు" అని మురిసిపోయే సందర్భాల్లో కూడా ఈ లోపం వుండే అవకాశం వుంది. బిడ్డకు రోజూ నీళ్ళు పోసే తల్లి, అమ్మమ్మ మూత్రధార ఏ వైపు పడుతోందో అందరికంటే ముందు చూస్తారు. ఇక్కడా అడగాల్సింది వాళ్ళనే.

ఇది ముస్లింల ఇళ్ళకే పరిమితమైన విషయం కూడా కాదు. పసిబిడ్డలకు ముందు తోలు కొనకు అంటుకుని వుండడం సహజం. ఏళ్ళు గడిచేకొద్దీ అదే విడివడుతుంది. ఈ సంగతి తెలియక నూనె స్నానంలో బలవంతంగా వెనక్కు లాగి గాయం చేసే ఇళ్ళు అన్ని మతాల్లోనూ వున్నాయి. ఆ గాయం మానేటప్పుడు తోలు బిగుసుకుపోయి, చివరికి ఆపరేషను దాకా వెళ్తుంది.

తల్లి జ్ఞాపకమే మొదటి పరీక్ష

మళ్ళీ పీలేరు స్త్రీ దగ్గరకు వస్తాను. హీమోఫీలియా తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది. ఎక్కువగా కనిపించే రకం సుమారు అయిదు వేల మగ జననాల్లో ఒకరికి వుంటుంది. తల్లికి పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ఆమె తమ్ముడికో, అన్నకో, మేనమామకో మాత్రం దెబ్బ తగిలితే రక్తం ఆగని చరిత్ర వుంటుంది. అంటే ఆ బిడ్డకున్న ప్రమాదం గురించి తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే. ఆమెనే వరండాలో కూర్చోబెడుతున్నారు.

ఈ విషయం మనుషులకు కొత్తగా తెలిసింది కాదు. యూదులు కూడా మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్తీ చేస్తారు. వారి ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక చర్చ వుంది. ఇద్దరు కొడుకులు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయకూడదని అందులో ఒక గురువు తీర్పు చెప్పాడు. మరోచోట నలుగురు అక్కచెల్లెళ్ళ ప్రస్తావన వస్తుంది. పెద్దామె కొడుకు చనిపోయాడు, రెండో ఆమె కొడుకు చనిపోయాడు, మూడో ఆమె కొడుకూ చనిపోయాడు. నాలుగో ఆమె వచ్చి అడిగితే "నీ బిడ్డకు చేయవద్దు" అన్నారు. జన్యుశాస్త్రం పుట్టడానికి పదిహేను వందల ఏళ్ళకు ముందే, ప్రమాదం అక్కచెల్లెళ్ళ వరుసలో నడుస్తోందని గ్రహించిన సమాజం అది. ఆచారం ఆగలేదు. ఆ బిడ్డ విషయంలో మాత్రం ఆగింది. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలోనూ బిడ్డకు హాని జరుగుతుందనే భయం వున్నప్పుడు వాయిదా వేయడానికి చోటుంది. ఖురాన్‌లో సున్తీ ప్రస్తావనే లేదు. అది ప్రవక్త సంప్రదాయం నుంచి వచ్చింది. హనఫీలు దాన్ని సున్నత్ అంటారు, షాఫీలు విధి అంటారు. ఫలానా రోజునే చేసి తీరాలన్న పట్టుదల రెంటిలోనూ లేదు.

మరి ఆసుపత్రుల్లో రక్తపరీక్ష చేస్తారు కదా అనవచ్చు. చిన్న ఊళ్ళల్లో సాధారణంగా చేసేది రక్తం ఆగే సమయం, గడ్డకట్టే సమయం చూసే పాత పరీక్షలు. హీమోఫీలియా వున్న బిడ్డకు మొదటి పరీక్ష మామూలుగానే రావచ్చు. వ్యాధి తీవ్రంగా లేనప్పుడు రెండోది కూడా పట్టుకోలేదు. గడ్డకట్టే శక్తిని కొలిచే ఏపీటీటీ లాంటి పరీక్షలు మేలు. కానీ పదమూడో ఫ్యాక్టర్ లోపం లాంటి అరుదైన జబ్బులు వాటికీ దొరకవు. బొడ్డుతాడు ఊడినప్పుడు రోజుల తరబడి రక్తం చెమ్మ కనబడడం ఆ జబ్బుకు ముఖ్యమైన సూచన. ఆ బొడ్డును చూసింది ఎవరు? తల్లీ, మంత్రసానీ. ఈ అరుదైన జబ్బులు దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళలో ఎక్కువగా కనబడతాయి. మేనరికాలు అన్ని మతాల్లోనూ సాగుతున్న మన ప్రాంతంలో ఈ మాటకు మరింత బరువుంది.

హీమోఫీలియా పిల్లల్లో మూడో వంతు మందికి కుటుంబంలో ముందు ఎవరికీ వుండదన్నది నిజమే. కాబట్టి అడిగినంత మాత్రాన అన్ని ప్రమాదాలూ తప్పవు. అడగకపోతే తప్పించగలిగినవి కూడా తప్పవు. ఆ ప్రశ్నకు పైసా ఖర్చు లేదు.

నొప్పి, సమ్మతి, మన సిద్ధాంతాలు

"పసిబిడ్డకు నొప్పి తెలియదు" అన్న మాట ఇంకా వినబడుతోంది. వైద్యశాస్త్రం ఒకప్పుడు దీన్ని నమ్మింది. భారతదేశంలో చదివిన డాక్టరు కె.జె.ఎస్. ఆనంద్ మరొకరితో కలిసి 1987లో ప్రచురించిన వ్యాసం ఆ నమ్మకాన్ని కదిలించింది. 1997లో వచ్చిన మరో అధ్యయనంలో, మత్తు లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు నెలల తర్వాత వేసిన టీకా సూదికి కూడా మిగతా పిల్లల కంటే ఎక్కువ బాధపడ్డారని తేలింది. కాన్పులో స్త్రీ అరిస్తే "ఓర్చుకో" అని గద్దించే వ్యవస్థే బిడ్డ ఏడిస్తే "వాడికేం తెలుసు" అంటుంది. ఈ రెండు మాటలూ ఒకే చోట పుట్టినవి.

మన సిద్ధాంతం కూడా ఒక బిడ్డకు బాకీ పడి వుంది. కెనడాలోని విన్నిపెగ్‌లో 1966లో ఎనిమిది నెలల కవల పిల్లవాడికి ఆసుపత్రిలో సున్తీ చేశారు. మతం కోసం కాదు, ముందు తోలు బిగుసుకుందని. కరెంటుతో కాల్చే యంత్రం వాడడంతో అంగం కాలి, పూర్తిగా పోయింది. జాన్ మనీ అనే నిపుణుడు ఆ పిల్లవాడిని ఆడపిల్లగా పెంచమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చాడు. ప్రయోగం విజయవంతమైందని 1972లో ప్రకటించాడు. జెండర్ పుట్టుకతో కాదు, పెంపకంతో వస్తుందనడానికి ఇదే రుజువని సోషియాలజీ పాఠ్యపుస్తకాలు రాశాయి. స్త్రీవాదులు కూడా సంతోషంగా ఉదహరించారు. పిల్లవాడు ఆ పెంపకాన్ని తిరస్కరించి, డేవిడ్ రైమర్ అన్న పేరుతో మగవాడిగా బతుకుతున్నాడని 1997లో కానీ లోకానికి తెలియలేదు. 2004లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. జెండర్ సామాజిక నిర్మాణమన్న అవగాహన ఈ ఒక్క కేసు మీద నిలబడలేదు, దానితో కూలిపోనూ లేదు. కానీ ఆ బిడ్డ శరీరం మీద జరిగిన వైద్య తప్పిదం మన వాదనకు పనికొచ్చే ఉదాహరణ మాత్రమే అయిపోయింది. అతని బాధ మన చర్చలోకి రాలేదు. సోషియాలజీ చదువుకున్న మనిషిగా ఈ మాట చెప్పడం నా బాధ్యత.

ఆడపిల్లలకు చేసే ఖత్నాతో దీన్ని పోల్చవచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంది. దావూదీ బోరా స్త్రీలు తమ మీద జరిగిన ఖత్నా గురించి ధైర్యంగా గొంతెత్తారు. సుప్రీంకోర్టులో 2017లో వేసిన పిటిషన్‌ను 2018లో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు. ఆడపిల్ల లైంగికతను అదుపులో పెట్టే ఉద్దేశం అక్కడ స్పష్టంగా వుంది. ఆ తేడాను చెరిపేయకూడదు. "మగపిల్లలకూ చేస్తాం కదా" అని ఆ స్త్రీల నోరు మూయించడం తప్పు. అలాగే, "ఆడపిల్లలకు జరిగేదే హింస" అంటూ మగబిడ్డ నెత్తురును లెక్కలోంచి తీసేయడమూ తప్పే. అడగకుండా బిడ్డ శరీరం మీద కత్తి పెట్టే అధికారం ఎవరిదన్న ప్రశ్న రెండుచోట్లా వుంది. ఇంటి పెద్ద మగవాడిదే అన్న జవాబుతో మనం ఏనాడూ సమాధానపడలేదు.

ఆరోగ్యం పేరుతో ఇంకో వాదన వినిపిస్తుంది. ఆఫ్రికాలో జరిగిన మూడు ప్రయోగాల ఆధారంగా 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్‌ఐవీ ఎక్కువగా వున్న దేశాల్లో సున్తీని ఒక నివారణ మార్గంగా సిఫారసు చేసింది. స్త్రీ నుంచి పురుషుడికి సోకే అవకాశం దాదాపు 60 శాతం తగ్గిందని తేలింది. కానీ ఆ ప్రయోగాల్లో పాల్గొన్నది తమంతట తాము ఒప్పుకున్న వయోజనులు. ఆ తర్వాత ఉగాండాలో హెచ్‌ఐవీ వున్న పురుషులపై జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో వారి స్త్రీ భాగస్వాములకు రక్షణ కనబడలేదు. కాబట్టి "మీ మంచికే" అని స్త్రీలకు చెప్పేవాళ్ళు ఈ రెండో సగాన్ని కూడా చెప్పాలి.

నిషేధం కాదు, బాధ్యత

2012లో జర్మనీలోని కొలోన్ కోర్టు ఒక పిల్లవాడి కేసులో సున్తీ శరీర గాయం కిందికి వస్తుందని తీర్పు ఇచ్చింది. ముస్లింలూ యూదులూ ఆందోళన చెందారు. అదే ఏడాది డిసెంబరులో జర్మనీ పార్లమెంటు వైద్య నియమాలకు లోబడి చేయవచ్చని చట్టం చేసింది. స్వీడన్ 2001లోనే నొప్పి తెలియకుండా మందివ్వాలని చట్టంలో పెట్టింది. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో సంప్రదాయంగా సున్తీ చేసేవారికి అనుమతి, ఆరోగ్య ప్రమాణాలు విధిస్తూ అదే 2001లో చట్టం వచ్చింది. మన దగ్గర 2023 మార్చిలో కేరళ హైకోర్టు, పిల్లలకు సున్తీ చేయడాన్ని చట్టవిరుద్ధంగా ప్రకటించమన్న వ్యాజ్యాన్ని, అది పత్రికా వార్తల మీద ఆధారపడిందంటూ కొట్టేసింది. నిషేధించమని కోర్టుకు వెళ్ళిన చోట విషయం అక్కడితో ఆగింది. సురక్షితంగా చేయమని నియమాలు పెట్టిన చోట కొంతైనా నడిచింది.

హజామ్‌లను నేరస్థులుగా చూపించడం కూడా అన్యాయం. వాళ్ళూ పేదలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఏర్పాటైన బీసీ-ఇ జాబితాలో "హజామ్, నాయి, నాయి ముస్లిం, నావిద్" అని వాళ్ళ పేర్లు వున్నాయి. తరతరాలుగా చేతిపని నేర్చుకుని బతికిన కులం. మంత్రసానులను తరిమేసి, వాళ్ళ స్థానంలో ఏమీ ఇవ్వకుండా పల్లె స్త్రీలను వదిలేసిన తప్పును హజామ్‌ల విషయంలో మళ్ళీ చేయవద్దు. పైగా నేను పైన చెప్పిన సంఘటనలో కత్తి పట్టింది హజామ్ కాదు. తెల్లకోటు వున్నంత మాత్రాన ప్రశ్న అడిగినట్టు కాదు.

మనం అడగాల్సినవి ఇవి. తిరుపతి రుయా ఆసుపత్రిలోనూ, చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలోనూ, ఏరియా ఆసుపత్రుల్లోనూ పసిబిడ్డల సున్తీ నొప్పికి మందుతో, ఉచితంగా, వారంలో ఒక నిర్ణీత రోజున జరగాలి. ఎవరు చేసినా, ముందు తల్లితో మాట్లాడి నాలుగు ప్రశ్నలు అడగాలి: నీ పుట్టింట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బుందా? బొడ్డు ఊడినప్పుడు, టీకా వేసినప్పుడు బిడ్డకు రక్తం ఎక్కువసేపు కారిందా? మూత్రం ఎటువైపు నుంచి వస్తోంది? బిడ్డ నెలలు నిండి పుట్టాడా, బరువు సరిగా వున్నాడా? జవాబు అనుమానంగా వుంటే ఆగాలి. శిబిరాలు పెట్టే సంఘాలు పనిముట్ల శుద్ధికీ, తర్వాతి రెండు రోజులకూ బాధ్యత వహించాలి. సమస్యతో వచ్చిన ప్రతి బిడ్డనూ ఆసుపత్రి రిజిస్టరులో సున్తీ కారణమని స్పష్టంగా రాయాలి.

మన సంఘాల కార్యకర్తలూ, ఆశా కార్యకర్తలూ ఇంటికి తీసుకెళ్ళాల్సిన మాటలు కొన్ని వున్నాయి. గుడ్డ తడిసిపోతుంటే, నొక్కి పట్టినా రక్తం ఆగకపోతే, పన్నెండు గంటలైనా మూత్రం రాకపోతే, కొన నల్లబడితే, జ్వరం వస్తే, బిడ్డ పాలు వదిలేస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. మగవాళ్ళు ఇంటికొచ్చే దాకా కూడా ఆగవద్దు. చేసినచోట "ఏం కాదు" అన్నా నమ్మి కూర్చోక, పెద్దాసుపత్రికి పోవాలి.

పీలేరు స్త్రీ అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇప్పుడు చెప్పగలను. వస్తుందమ్మా, మన లెక్కలోకి వస్తుంది. బిడ్డ శరీరం గురించి తెలిసిన తల్లిని వరండాలో కూర్చోబెట్టే ఏ ఆచారమైనా, ఏ ఆసుపత్రి అయినా మన లెక్కలోకి రావాల్సిందే. తర్వాతి సమావేశంలో ఈ విషయం మనం ఎత్తకముందే ఎవరో ఒక తల్లి ఎత్తుతుంది. అప్పుడైనా నవ్వకుండా విందాం.